నాయన ద్రౌపది వేషం, కూతురి లెక్కల నోట్సు: ఒక టీనేజ్ నవల ఎడిటింగ్ కేస్ స్టడీ

తిరుపతిలో నేను పిల్లల పుస్తకాలకీ, టీనేజ్ పాఠకుల పుస్తకాలకీ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. చిత్తుప్రతి చేతికొచ్చినప్పటి నుంచి పుస్తకం ప్రెస్సుకి పోయేదాకా రచయిత పక్కన ఉండడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక కవయిత్రి తన మొదటి నవల రాసుకున్న తీరు గురించి. ఆమెది చిత్తూరు దగ్గర మామిడితోటల మధ్య ఊరు, ఉద్యోగం తిరుపతిలో. వచన కవితల సంపుటాలతో పేరు తెచ్చుకుంది. నవలను మాత్రం పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లల కోసం రాసింది. పేరు వద్దంది కాబట్టి ఇవ్వడం లేదు, ఆనవాలు పట్టే వివరాలు మార్చాను. నవలలోని వాక్యాలు ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను.

కవులు నవల రాస్తున్నామనగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే: కవిత్వం తగ్గించు. ఈ పుస్తకం మీద పనిచేశాక నాకు ఆ సలహా మీద నమ్మకం పోయింది. నవలలో కవిత్వానికి ఒక చోటు ఉంటుంది. ఆ చోటు ఎక్కడో రచయిత తేల్చుకుంటే తగ్గించమని ఇంకొకరు చెప్పే పని ఉండదు. ఈ నవలకి ఆ చోటు చూపించింది మా జిల్లాలో భారతం ఆడే వీధినాటకం వాళ్ళు. ఎట్లాగో వివరంగా రాస్తాను.

కథ, దాని వెనక ఊరు

నవలలో పద్నాలుగేళ్ళ అమ్మాయి, తొమ్మిదో తరగతి. వాళ్ళ నాయన పగలు మామిడికాయల మండీలో కూలి. ఊళ్ళో భారతం పెట్టినప్పుడు రాత్రిపూట ద్రౌపది వేషం కడతాడు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టే పాత ఆనవాయితీని పాటించే బృందం వాళ్ళది. బళ్ళో పిల్లలు ఆ అమ్మాయిని "ద్రౌపది కూతురా" అని ఏడిపిస్తారు. నాయనంటే ఆమెకి ప్రాణం, ఆ వేషమంటే సిగ్గు. ఈ రెండూ ఒకే గుండెలో పెట్టుకుని ఒక ఎండాకాలం గడపడమే కథ.

చిత్తూరు జిల్లా బయటివాళ్ళ కోసం భారతం గురించి కొంచెం చెప్పాలి. ఇక్కడ చాలా ఊళ్ళలో ధర్మరాజుల గుడి ఉంటుంది, ద్రౌపదమ్మ గుడి అని కూడా అంటారు. ఎండాకాలం వచ్చిందంటే ఒక్కో ఊళ్ళో ఉత్సవం మొదలవుతుంది. పద్దెనిమిది రోజులు జరిపే ఊళ్ళు ఎక్కువ. మధ్యాహ్నం పందిట్లో హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. బకాసుర వధ రోజు భీముడు బండెక్కి ఊరంతా తిరుగుతాడు, ఇంటింటి నుంచీ అన్నం తెచ్చి బండిలో పోస్తారు. అర్జునుడి తపస్సు రోజు వేషగాడు ఎత్తైన మాను ఎక్కుతూ మెట్టు మెట్టుకీ పద్యం పాడతాడు. పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో ఆ మాను చుట్టూ పడుకుని ఉంటారు. ఆయన పైనుంచి వేసే నిమ్మకాయ తమకి అందితే కడుపు పండుతుందని నమ్మకం. చివరి రోజు పొద్దున బంకమట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడు గదతో తొడ విరగ్గొడతాడు, ద్రౌపది విరబోసుకున్న జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం.

ఇంత సరుకు చేతిలో ఉన్న రచయితకి కథకోసం వెతుక్కోవాల్సిన పని లేదు. కష్టం వేరేచోట వచ్చింది.

చెవిలో పడ్డవి

కొత్త రచయిత ఎవరొచ్చినా నేను చదివిన పుస్తకాల లిస్టు అడగను. చదవడం రాకముందు చెవిలో ఏం పడిందో చెప్పమంటాను. టీనేజ్ పాఠకుల కోసం రాసేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. ఆ వయసు పిల్లలు వాక్యం సొంత గొంతులోంచి వచ్చిందో, అరువు తెచ్చుకున్నదో చటుక్కున పట్టేస్తారు.

ఆమె చెప్పినవాటిలో మొదటిది అవ్వ విసుర్రాయి దగ్గర పాడే పాటలు. రెండోది చిత్తూరు బెల్లం మండీలో వేలం పాట. వాళ్ళ తాత వెంట పోయి, బెల్లం దిమ్మెల మధ్య నిలబడి వినేది. రేటు ఒక్కో అడుగూ పైకి పోతుంటే పాడేవాడి గొంతు ఎక్కడ తెగుతుందో, ఎక్కడ సాగుతుందో ఇప్పటికీ అనుకరించి చూపిస్తుంది. మూడోది భారతం హరికథ. పిల్లలంతా రాత్రి నాటకం కోసం కాచుకుంటే ఈమె మధ్యాహ్నం ఎండలో పందిట్లో ముసలివాళ్ళ మధ్య కూర్చునేదట.

ఇక్కడ పెరిగినవాళ్ళకి అన్నమయ్య (1408–1503) పదాలు గుడి మైకుల్లోంచే చెవిలో పడిపోతాయి. ఆమెను పట్టుకున్నది భక్తి కన్నా ఆయన పనిపాటల కట్టుబాట్లను తీసుకున్న పద్ధతి. జాజర, సువ్వి, లాలి ఇవన్నీ జనం పాడుకునే వరసలు, సువ్వి అయితే దంచేటప్పటిది. "రోకలి ఎక్కడ పడితే మాట అక్కడ విరగాల, అక్కా. ఆయన దాన్ని మార్చలా" అంది నాతో. ఆమె వచన కవితల్లో పాదం విరిగే తీరు చూస్తే ఆ లెక్క కనబడుతుంది. కంటికి బాగుందని ఎక్కడా విరవదు.

తరిగొండ వెంగమాంబ గురించి చాలాసేపు మాట్లాడింది. 1817 దాకా బతికిన ఆ కవయిత్రి పాత చిత్తూరు జిల్లాలోని తరిగొండ మనిషి. ఆమె ఆడి పాడే యక్షగానాలు రాసిందన్న విషయం ఈమెకి కాలేజీలో తెలిసింది. అంతవరకూ వీధినాటకమంటే మగవాళ్ళ వ్యవహారమనే అనుకునేదట. హైస్కూల్లో చదివిన కథలు మధురాంతకం రాజారాంవి. దామలచెరువులో ఉంటూ, బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసినాయన. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆయన కథల సంపుటికి. బస్సులో పోతే కనబడే ఊళ్ళు కథలో ఉండొచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది.

పని పద్ధతి గురించి ఒక మాట. ఆమె కవిత రాయదు, చెబుతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకి బస్సులో పోయేటప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కవిత రికార్డు చేసుకుంటుంది. ఇంటికి పోయాక విని, నోటికి తడబడిన చోటల్లా కొట్టేసి, మిగిలింది కాగితం మీద పెడుతుంది. ఇది తెలిసినప్పుడే ఈ నవలకి దారి ఉందనిపించింది నాకు. నవలను మాత్రం ఆమె ఇట్లా చెప్పుకోలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని టైపు చేసింది.

మొదటి ప్రతి

మొదటి ప్రతిలో నాయన వేషం వేసుకునే చోటు ఇట్లా ఉండేది:

"వాన వెలిసిన ఆకాశపు అద్దంలో నాయన ముఖం ఒక నీలి ప్రశ్నలా వేలాడుతోంది. రంగుపొరల కింద శతాబ్దాల ద్రౌపది మెల్లగా మేలుకుంటోంది. నేను ఆ మెలకువ అంచున నిలబడి ఉన్నాను."

కవితా సంపుటిలో ఈ మూడు వాక్యాలూ నిలబడతాయి. నవలలో నిలబడవు. వాక్యాలు అందంగా ఉన్నాయని కాదు నా అభ్యంతరం. ఇందులో నాయన ఏం చేస్తున్నాడో లేదు. అమ్మాయి ఎక్కడుందో లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల "శతాబ్దాల ద్రౌపది" అనుకోదు. అనుకున్నది ఆ పిల్లను దూరం నుంచి చూస్తున్న ముప్పై ఎనిమిదేళ్ళ కవయిత్రి. కవిత చదివేవాడు పాదం దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి పోతాడు, అట్లా పోవాలనే రాస్తాం. కథ చదివే పిల్లకి తర్వాత ఏమైందో కావాలి. ప్రతి పేరాలోనూ ఆగమంటే ఆ పిల్ల మొత్తానికే ఆగిపోతుంది.

ఆ మాట నేను చెబితే ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం మంచిదే అయింది. "అట్టయితే నవలంతా కవితల్లోనే రాస్తా" అంది. ఇంగ్లీషులో అట్లాంటి నవలలు చాలానే ఉన్నాయి, మెప్పు కూడా పొందాయి. స్టేజీ మీద కవిత్వం చెప్పి పేరు తెచ్చుకున్న ఎలిజబెత్ ఏసివెడో కవితల్లో రాసిన టీనేజ్ నవలకి 2018లో అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. అది చదివాకే ఈమెకి నవల రాయాలని పుట్టింది. అందుకని కొన్ని అధ్యాయాలు మొత్తం కవితలుగా మార్చుకొచ్చింది.

వాటిని పిల్లల ముందు చదివించాం. తిరుపతి చుట్టుపక్కల బడుల్లోనూ, లైబ్రరీ సెలవుల క్యాంపుల్లోనూ నాకు తెలిసిన టీచర్లు ఉన్నారు. ప్రింటు కాని పుస్తకాన్ని పిల్లలకిచ్చి, వాళ్ళచేతే గట్టిగా చదివించడం నా పద్ధతుల్లో ఒకటి. ప్రశ్నాపత్రాలు, మార్కులు ఉండవు. ఎవరు ఎక్కడ తల పైకెత్తారు, ఎక్కడ పక్కవాడి వైపు చూశారు అని గమనిస్తాను. కాగితం అందుకున్న ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి, విరిగిన పాదాలు చూడగానే అడిగాడు: "మేడం, దీనికి ప్రతిపదార్థం రాయాల్నా?"

మన పిల్లలకి కాగితం మీద పొట్టి పొట్టి పాదాలు కనబడితే గుర్తొచ్చేది పద్యపాఠం. కంఠస్థం, ప్రతిపదార్థం, తాత్పర్యం, పరీక్షలో ఎనిమిది లైన్లు. అది పిల్లల తప్పు కాదు, కవిత్వం తప్పు అసలే కాదు. బడిలో కవిత్వం వాళ్ళకి ఆ వేషంలోనే ఎదురైంది. వేరే దేశంలో పనిచేసిన రూపాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు ఇక్కడి పిల్లల చేతుల్లో ఆ కాగితం ఎట్లా కనిపిస్తుందో చూసుకోవాలి. ఆ సాయంత్రం నేనేమీ వాదించాల్సిన అవసరం రాలేదు. ఆమె ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. "నువ్వు నీ అంతట నువ్వు ఏమన్నా రాసుకుంటావా?" అంటే, "లెక్కల నోట్సు వెనకమాల" అన్నాడు వాడు.

పద్యం ఎప్పుడొస్తుంది

తర్వాతి సిట్టింగులో నేను ఆమెను భారతం హరికథ నాకు చెప్పమన్నాను. వేరేమీ లేదు, చిన్నప్పుడు పందిట్లో విన్నది, ద్రౌపదీ వస్త్రాపహరణం ఘట్టం, గుర్తున్నంత. చెప్పింది. ఫోనులో రికార్డు చేశాం. తర్వాత ఇద్దరం కూర్చుని వింటూ ఎక్కడ మాట ఉంది, ఎక్కడ పాట ఉంది అని గీతలు పెట్టుకుంటూ పోయాం.

జూదం సంగతంతా మాటే. పాచికలు, పందెం, ధర్మరాజు ఓటమి, భీముడి కోపం, దుశ్శాసనుడు అంతఃపురానికి పోవడం, అన్నీ గబగబా మాటల్లో, మధ్యమధ్యలో ఊళ్ళోవాళ్ళ మీద చతుర్లు కూడా. ద్రౌపది సభలో అందరి ముఖాలూ చూసి, ఒక్కరూ నోరు విప్పకపోయేసరికి అక్కడ మాట ఆగింది. అప్పుడు పద్యం వచ్చింది. హరిదాసు పద్యాన్ని అలంకారానికి వాడడు. ఆ మనిషికి ఇక మామూలుగా మాట్లాడే దారి మూసుకుపోయినప్పుడు ఎత్తుకుంటాడు. వీధినాటకంలోనూ అంతే. సంవాదం వచనంలో నడుస్తుంది, తట్టుకోలేని చోట వేషగాడు శ్రుతి అందుకుంటాడు.

వచనం, పద్యం కలిపి నడపడం తెలుగుకి కొత్త సంగతేమీ కాదు. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టిందే చంపూ పద్ధతిలో. పండితులు దాని గురించి చాలా రాశారు. మాకు పనికొచ్చింది మాత్రం పందిట్లో ఆ పద్ధతి ఎట్లా బతికి ఉందన్నదే. ఏసివెడో పుస్తకం చదివి ఈమె వెతుకుతున్న రూపం వాళ్ళ ఊరి ధర్మరాజుల గుడి ముందు ప్రతి ఎండాకాలమూ వినబడుతూనే ఉంది.

అక్కడినుంచి పని వేగంగా సాగింది. నవల మొత్తం వచనంలో, అమ్మాయి గొంతులో. కవిత ఎక్కడొచ్చినా అది ఆ అమ్మాయి లెక్కల నోట్సు వెనక పేజీల్లో రాసుకున్నదే అయి ఉండాలి. ఎవరితోనూ అనలేని మాట ఉన్నప్పుడే రాసుకోవాలి. ఇంకొకటి కూడా అనుకున్నాం: హరిదాసు పద్యం పాడాక అర్థం చెబుతాడు, మనం చెప్పకూడదు. కవిత అయిపోగానే మరుసటి వాక్యం కథలోకి పోవాలి. ఈ చివరిది పాటించడం ఆమెకి చాలా కష్టమైంది.

ఒక పేజీ, దగ్గరగా

వేషం వేసుకునే చోటు చివరికి ఇట్లా అయింది:

"నాయన గోడకి ఆనించిన అద్దం ముందర గొంతుక్కూర్చున్నాడు. పొద్దున గీసుకున్న గడ్డం మీద మళ్ళీ బ్లేడు ఆడించాడు. అర్దళం పూసుకున్నాడు. మండీలో కాయలు ఎత్తి ఎత్తి కాయకాచిన చేతులు, ముఖం మీద మటుకు మెత్తగా తిరుగుతా ఉండాయి. 'మే, ఆ సవరం ఇట్టందీ' అన్నాడు. సవరం నా పక్కనే ఉండాది. వినబడనట్టు కూర్చున్నా. ఇంకోసారి అడగలేదు. లేచొచ్చి తీసుకున్నాడు."

సవరం అంటే జడలో కలిపి అల్లే జుట్టు. అర్దళం వీధినాటకం వాళ్ళు ముఖానికి పూసే పసుపురంగు. ఈ పేరాలో పోలిక ఒక్కటీ లేదు. "ఇంకోసారి అడగలేదు" అన్న చోట పిల్లలు చదవడం ఆపి తల ఎత్తడం నేను ఒకటికి రెండు బడుల్లో చూశాను. మొదటి ప్రతిలో మూడు వాక్యాలు చెప్పాలనుకున్నది ఇక్కడ ఆ రెండు మాటల్లోకి వచ్చింది. కవి కాని రచయిత అయితే "నాకు సిగ్గుగా, బాధగా అనిపించింది" అని రాసేసి ముందుకు పోయేవాళ్ళు. ఏది వదిలేయాలో ఆమెకు తెలుసు. ఆ తెలివి కవిత్వం నుంచి వచ్చిందే. నవలలో ఆమె కవిత్వం ఎక్కడుందని ఎవరన్నా అడిగితే నేను కవితల కంటే ముందు ఈ పేరా చూపిస్తాను.

అదే అధ్యాయం చివర, వస్త్రాపహరణం నాటకం అయిపోయాక నోట్సు వెనక పేజీ:

బళ్ళో అడిగినారు
మీ నాయన ఏం చేస్తాడని.
మండీలో కాయలు ఏరతాడని చెప్పినా.
రాత్రి ఆ నాయనే
నిండుసభలో నిలబడి
కిష్ణా అని అరిస్తే
ఊరు ఊరంతా ఏడిచింది.
నేను చెప్పకుండా దాచింది
అందరికీ వినబడింది.

ఇది మొదట ఇంకా సాగింది. "ఆ కేక నా గొంతులోనూ ఉంది" అని మొదలయ్యే నాలుగు పాదాలు ఉండేవి. వాటిలో ఆ అమ్మాయి తన సిగ్గును తానే అర్థం చేసుకుని, విడమరిచి చెప్పేసింది. మూడో అధ్యాయంలోనే అంత అర్థమైపోతే మిగతా నవల దేనికి? ఆమె ఆ నాలుగు పాదాల కోసం గట్టిగానే పోట్లాడింది. నేను కొట్టేయమనలేదు, ఫోనులో చెప్పుకుని వినమన్నాను. మర్నాడు పొద్దున్నే మెసేజీ వచ్చింది, "వినబడింది దగ్గర ఆపేసినానక్కా" అని.

ఈ కవితలో "కిష్ణా" అన్నది కూడా ఆలోచించి పెట్టిందే. ప్రూఫు చూసినాయన దాన్ని రెండుసార్లు "కృష్ణా" అని దిద్దాడు. నాటకంలో నాయన పాడే పద్యంలో "కృష్ణా" అనే ఉంటుంది, స్పష్టంగా. అమ్మాయికి వినబడింది "కిష్ణా". ఇంట్లో అవ్వ పిలిచే దేవుడి పేరు అది.

యాస సంగతి

తిరుపతి చుట్టుపక్కల మాటను అట్లాగే అచ్చులో పెట్టి పాఠకుల్ని ఒప్పించిన నామిని సుబ్రమణ్యం నాయుడు మాకు ముందు ఉన్నారు కాబట్టి, యాసలో రాయొచ్చా అన్న చర్చే మా మధ్య రాలేదు. ఎంత రాయాలన్నదే మాట. ఇప్పటి తిరుపతి టౌను పిల్లల్లో చాలామంది ఇంట్లో ఈ మాట వింటారు, బళ్ళో ఇంగ్లీషు మీడియం. "బిన్నా రా" (త్వరగా రా) అంటే అర్థమవుతుంది, అచ్చులో చూస్తే తడబడతారు. విజయవాడ పిల్లకయితే వినడం కూడా కొత్త.

సంభాషణలు పూర్తిగా ఊరి మాటలో ఉంచాం. కథ చెప్పే వాక్యంలో వ్యాకరణం మామూలు తెలుగుకి దగ్గరగా, మాటలు మాత్రం ఊరివి: కయ్య, చెనక్కాయలు, ఊరుబిండి, పితికిపప్పు. అమ్మాయికి కోపమో ఏడుపో వచ్చినప్పుడు "ఉండాది", "పోతా ఉండా" లాంటివి కథనంలోకి కూడా జారతాయి. పైన ఇచ్చిన పేరాలో "తిరుగుతా ఉండాయి" అట్లా వచ్చిందే. వెనక పదకోశం పెట్టమని కొందరన్నారు. వద్దన్నాం. పితికిపప్పు అంటే ఏంటో అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి నానబెట్టిన అనపగింజలు పితుకుతూ కూర్చున్న చోట ఎవరికైనా తెలిసిపోతుంది. స్పెల్లింగు ఒకే తీరుగా ఉంచడం మాత్రం పెద్ద చాకిరీ. "ఉండాది", "వుండాది" రెండూ కలగాపులగంగా ఉంటే పిల్లలు అచ్చుతప్పనుకుంటారు. నవల మొత్తానికి ఒక చిన్న పట్టిక రాసుకుని దాన్నే పట్టుకున్నాం. యాసలో రాసేవాళ్ళందరికీ ఈ పట్టిక మొదటి రోజే రాసుకోమని చెబుతాను.

గంగమ్మ జాతర అధ్యాయం

మే నెలలో అమ్మాయి తిరుపతిలో వాళ్ళ పెద్దమ్మ ఇంటికి వస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతర నడుస్తూ ఉంటుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకో వేషం. మొక్కున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడిచిపోతుంటారు. మొదటి ప్రతిలో పెద్దమ్మ ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఆడవేషం ఎంత గొప్పదో, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదో ఒక పేజీన్నర చెప్పింది. మంచి మాటలే. ఆ పేజీన్నరా తీసేశాం. దాని చోట ఉన్నది ఇంత:

"సిగ్నలు దగ్గర ఒకాయన స్కూటరు ఆపినాడు. పట్టుచీర, జడ, జడకి మల్లెపూలు. వెనకాల ఆయన పెళ్ళాం, మధ్యలో పిలకాయి. పిలకాయి ఐసు చీకతా నా పక్కే చూసినాడు. లైటు పడింది. పోయినారు. ఎవురూ నవ్వలా."

మంచి మాటలు చెప్పే పెద్దవాళ్ళు పిల్లల పుస్తకాల్లో ఇప్పటికే ఎక్కువ. టీనేజ్ పాఠకుడికి చూడ్డానికి ఏదైనా ఇస్తే వాడంతట వాడు అర్థం తీసుకుంటాడు. తీసుకున్నది మనం అనుకున్నది కాకపోయినా పర్వాలేదు.

జాతరలో బూతులు తిట్టడం మొక్కులో భాగం. అది తెలియని తిరుపతి పిల్లలు ఉండరు. పుస్తకంలో ఎట్లా? తిట్లు అచ్చువేస్తే బడి లైబ్రరీలో పెట్టనివ్వరు. జాతరలో అసలు తిట్లే ఉండవన్నట్టు రాస్తే పిల్లలు నమ్మరు, ఆ తర్వాత మిగతా పుస్తకాన్ని కూడా నమ్మరు. పెద్దమ్మ కొడుకు చేటంత నోరు చేసుకుని తిడుతుంటే, ఇంట్లో ఒక్క చెడ్డమాట అన్నా చెంప వాయించే పెద్దమ్మ పక్కనే నిలబడి వాడికి మజ్జిగ అందిస్తుంది. తిట్టు అచ్చులో లేదు, తిట్టిన సంగతి ఉంది. ఈ చిక్కుముడి ఆమె ఒక్కతే విప్పుకుంది, నా చెయ్యి లేదు.

ఏ అరలో పెట్టాలి

ఒక ప్రచురణకర్త ప్రతి చదివి, బాగుందని, ఈ వయసు పిల్లలు తెలుగు చదవరని, అందుకే వేయలేమని ఒకే ఫోనులో చెప్పారు. తెలుగులో ఈ వయసు పుస్తకానికి విడిగా అర లేదన్నది నిజమే. 1947లో మొదలైన చందమామ చదివి పెరిగిన తరాలకి కూడా, చందమామ దాటాక చేతికందినవి ఇంట్లో పెద్దవాళ్ళు చదివే వీక్లీల సీరియళ్ళే. కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారాలు 2010 నుంచి ఇస్తోంది. తెలుగులో బాలసాహిత్యం అనగానే ఇప్పటికీ పదేళ్ళలోపు పిల్లలే గుర్తుకొస్తారు. తొమ్మిదో తరగతి తర్వాత పది, ఆ తర్వాత ఇంటర్ హాస్టలు, ఎంట్రన్సుల టెన్షన్. సరిగ్గా అప్పుడే ఆ పిల్లలకి తమ గురించి రాసిన పుస్తకం ఒకటి కావాలి. చదవరు అని చెప్పేవాళ్ళు ఏ పుస్తకం ఇచ్చి చూశారో కూడా చెప్పాలి.

పుస్తకం చివరికి వేరే చోట వచ్చింది. అట్ట మీద "పిల్లల నవల" అని వేయలేదు, "నవల" అని మాత్రమే వేశాం. నోట్సు పేజీల్ని చేతిరాతలో వేయాలని ఆమె కోరిక. చేతిరాత ముద్దుగా ఉంటుంది కానీ నాలుగైదు పేజీల తర్వాత కళ్ళు లాగుతాయి. మామూలు అక్షరాలే వాడి, కింద లెక్కల నోట్సు గళ్ళు లేతగా వేయించాం. కాగితం ఖర్చు పెరగలేదు. పిల్లలు కొందరు ఆ గళ్ళల్లో పెన్సిల్‌తో తమ పాదాలు రాసుకున్న కాపీలు లైబ్రరీల్లో చూశాను. లైబ్రేరియన్లు చెరిపేయలేదు, సంతోషం.

తేలనిది

అర్జునుడి తపస్సు అధ్యాయం మీద మాత్రం మా ఇద్దరికీ ఈనాటికీ కుదరలేదు. అందులో అమ్మాయి వాళ్ళ చిన్నమ్మ, పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లల్లేని మనిషి, తడిచీరతో మాను కింద పడుకుని ఉంటుంది. పైనుంచి నిమ్మకాయ పక్కావిడ కొంగులో పడుతుంది. ఆ రాత్రి నోట్సులో కవిత లేదు. పేజీలో తేదీ ఉంది, కింద గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

నా వాదన: మనం పెట్టుకున్న నియమం ప్రకారం, అనలేని మాట ఉన్నప్పుడే కవిత రావాలి. నవల మొత్తంలో ఇంతకన్నా అనలేని మాట ఇంకోటి లేదు. అక్కడ కవిత లేకపోతే పాఠకుడి చెయ్యి వదిలేసినట్టే. ఆమె వాదన: పద్నాలుగేళ్ళ పిల్లకి తన సిగ్గు గురించి రాసుకోవడం వచ్చు, చిన్నమ్మ దుఃఖం గురించి రాసేంత వయసు రాలేదు, రాస్తే అది మళ్ళీ నేను రాసినట్టవుతుందక్కా అని.

పుస్తకం ఆమెది కాబట్టి ఖాళీ పేజీయే ప్రింటయింది. చదివిన పిల్లల్లో కొందరు అది అచ్చుతప్పనుకుని పేజీ తిప్పేస్తున్నారు. కొందరు అక్కడే ఆగి, పక్కవాళ్ళకి చూపిస్తున్నారు. రెండో ముద్రణకి ఆ పేజీ అట్లాగే ఉంచాలా వద్దా అని ప్రచురణకర్త అడిగితే ఉంచమని ఆమె, కనీసం తేదీ కింద చిన్నమ్మ పేరైనా ఉండాలని నేను చెప్పాం. ఇప్పుడామె రెండో నవల రాస్తోంది, ఈసారి కథ చెప్పేది ఒక అబ్బాయి. వాడు నోట్సులో ఏమీ రాసుకోడట. మొదటి రెండు అధ్యాయాలూ ఫోనులో చెప్పి పంపింది, ఇంకా వింటున్నాను.